ఖుసిమాల్

ఖుసిమాల్ వట్టివేరు నూనెలో సహజంగా ఉండే సుగంధ పదార్థం. మెంథాల్ లాగే ఇదీ ఆల్కహాల్ జాతిది. అణువులో 15 కార్బన్, 24 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. అణుభారం సుమారు 220. రసాయనశాస్త్రం దీన్ని సెస్క్విటెర్పీన్ల కుటుంబంలో, అందులోనూ మూడు వలయాలున్న శాఖలో చేరుస్తుంది. చిక్కగా, జిగటగా ఉంటుంది. వాసన మెత్తని కలప వాసన, అడుగున కాస్త తీపి, కాస్త మట్టి. హైతీ, జావా, దక్షిణ భారత నూనెల్లో పెద్ద మోతాదులో కనిపించే పదార్థాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. పంట పండిన చోటు, వేరు వయసు, బట్టీ పెట్టిన తీరు బట్టి నూనెలో దీని వాటా కొద్ది శాతం నుంచి 15 శాతం దాకా మారుతుంది.

ఇంత మోతాదులో ఉంది కనుక వట్టివేరు వాసన అంటే ఖుసిమాల్ వాసనే అనుకోవడం సహజం. ఖుసిమాల్‌ను విడదీసి శుద్ధి చేసి వాసన చూసినవాళ్ళకు మాత్రం ఎప్పుడూ చిన్న నిరాశే ఎదురయ్యేది. కలప వాసన ఉంది, వట్టివేరు ఛాయ ఉంది, కానీ తడిపిన వట్టివేళ్ళ తడిక ముందు నిలబడితే ముక్కుకు తగిలే ఆ పదును లేదు. ఆ పదును ఎక్కడి నుంచి వస్తోందన్నది 2021 దాకా తేలలేదు. ఖుసిమాల్ కథలో సగం భాగం ఈ వెతుకులాటే.

మొక్క, వేరు

వట్టివేరు మొక్క ఒక గడ్డి. జొన్నకు, నిమ్మగడ్డికి దగ్గరి చుట్టం. నేటి శాస్త్రీయ నామం క్రైసోపోగాన్ జిజానియోయిడిస్. పాత పుస్తకాల్లో వెటివేరియా జిజానియోయిడిస్ అని కనిపిస్తుంది. తెలుగు నిఘంటువుల్లో గడ్డికి అవురుగడ్డి అన్న పేరుంది, వేరును వట్టివేరు అంటారు. ఆయుర్వేదంలో ఇదే ఉశీరం. జ్వరంలో తాగించే షడంగపానీయంలో ఆరు దినుసుల్లో ఒకటి. ఉశీరాసవానికి పేరే దీనిది. ఆకుకు చెప్పుకోదగ్గ వాసన లేదు. సువాసన సొత్తంతా నేల కింద, సన్నటి పీచువేళ్ళ గుబురులో ఉంటుంది. ఆ వేళ్ళు పక్కలకు పాకకుండా నిట్టనిలువునా దిగుతాయి. మెత్తటి నేలలో మూడు నాలుగు మీటర్ల లోతుకు పోతాయి.

వేరును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే నూనె ఎక్కడుందో తెలుస్తుంది. పై పొరల్లో కాదు, వల్కలం లోపలి అంచున, నాళాల కట్టను చుట్టి ఉండే అంతశ్చర్మానికి ఆనుకొని ఉన్న కణాల్లో ఉంటుంది. పువ్వుల నూనె రేకుల పైనే ఉంటుంది కాబట్టి ఇట్టే ఎగిరిపోతుంది. వట్టివేరు నూనె ఇలా లోలోపల బందీగా ఉండటం వల్లనే ఎండిన వేరు నెలల తరబడి వాసన పోగొట్టుకోదు. తెలుగు ఇళ్ళలో తాగేనీళ్ళ కుండలో వేసే వేళ్ళకట్ట, తలనూనెలో వేసి మరిగించే వేళ్ళు, కిటికీలకు కట్టి నీళ్ళు చిలకరించే తడికలు, అన్నీ ఈ ఓపిక మీదే నడిచాయి. మొఘలుల కాలపు ఖస్‌ఖానాలు, అంటే తడిపిన వట్టివేళ్ళ తడికలతో చల్లబరచిన గదులు, ఐన్-ఎ-అక్బరీకి ఎక్కాయి. ఎయిర్ కూలర్లు వచ్చిన కొత్తలో వాటి పక్క తలుపుల్లోనూ వట్టివేళ్ళే కూరేవారు. తరవాత చవక రకం చెక్కపీచు ఆ చోటు ఆక్రమించింది.

అణువు

ఖుసిమాల్ అస్థిపంజరం పేరు జైజాయీన్. మొక్క శాస్త్రీయ నామంలోని రెండో మాటే ఇందులోనూ ఉంది. మూడు కార్బన్ వలయాలు ఒకదానితో ఒకటి అతుక్కుని, వంతెన వేసుకుని, బిగువైన ఒక గూడులా ఉంటాయి. ఈ గూడు మీద మూడు చోట్లు గుర్తుంచుకుంటే చాలు. ఒక చోట ఒకే కార్బన్‌కు రెండు మిథైల్ గుంపులు వేలాడుతుంటాయి. దాని పక్కనే వలయం బయటికి పొడుచుకొచ్చిన జంట బంధం ఉంటుంది. రసాయన శాస్త్రజ్ఞుల లెక్కలో అది 6, 13 అంకెల కార్బన్ల మధ్య బంధం. ఇక గూడుకు అవతలి వైపు, 2వ కార్బన్ మీద, ఒక కార్బన్ తోక. దాని చివర ఆక్సిజన్, హైడ్రోజన్. ఈ తోకే ఖుసిమాల్‌ను ఆల్కహాల్ చేస్తుంది.

నూనెలో ఖుసిమాల్‌కున్న బంధువర్గమంతా ఆ తోక దగ్గర జరిగే మార్పుల ఫలితమే. తోక మీద ఆక్సిజన్ లేకపోతే అది జైజాయీన్; దానికే ఖుసిమీన్ అని మరో పేరు. ఖుసిమాల్ ఒక మెట్టు ఆక్సీకరణ చెందితే జైజనాల్ అనే ఆల్డిహైడ్, మరో మెట్టు ఎక్కితే జైజనోయిక్ ఆమ్లం. తోకలోని కార్బన్ పూర్తిగా ఊడిపోయి, అది ఉన్న 2వ కార్బన్ మీద నేరుగా ఆక్సిజన్ కూర్చుంటే 14 కార్బన్ల ఖుసిమోన్. ఈ చివరిది కీటోన్. ఖుసిమాల్ కన్నా ఖుసిమోన్ వాసన గట్టిది.

నూనెలో జైజాయీన్ వంశం ఒక్కటే లేదు. వందకు పైగా పదార్థాలున్నాయి, వాటిలో చాలావరకు సెస్క్విటెర్పీన్లే. ఖుసిమాల్‌తో పాటు తప్పకుండా చెప్పుకోవలసినవి రెండు కీటోన్లు: ఆల్ఫా వెటివోన్, బీటా వెటివోన్. ఆల్ఫా వెటివోన్ దబ్బజాతి పండు గ్రేప్‌ఫ్రూట్ వాసనకు కారణమైన నూట్‌కటోన్‌కు సోదర పదార్థం. మంచి వట్టివేరు నూనెను వేలి మీద రాసుకుని కాసేపాగి వాసన చూస్తే, కలప వెనక నుంచి పండుతొక్క చేదు లాంటిది లీలగా తగులుతుంది.

వేరులో తయారీ

మొక్క ఖుసిమాల్‌ను తిన్నగా తయారు చేయదు. 15 కార్బన్ల పొడుగాటి గొలుసు అయిన ఫార్నెసిల్ పైరోఫాస్ఫేట్‌తో పని మొదలవుతుంది. ఒక ఎంజైమ్ ఆ గొలుసు కొసలో ఉన్న ఫాస్ఫేట్‌ను తెంపేస్తుంది. ధనావేశం మిగిలిన గొలుసు తనమీదికి తానే ముడుచుకుంటుంది. ముందు ఒక వలయం. తరవాత దేవదారు జాతి నూనెల్లోని సెడ్రీన్‌కు దారితీసే మధ్యస్థ రూపం. అక్కడి నుంచి బంధాలు చోటు మార్చుకుని జైజాయీన్ గూడు. వట్టివేరుకు, దేవదారుకు వాసనలో పోలిక ఉందని పరిమళకారులు ఎప్పటి నుంచో అంటున్నారు. పుట్టుక దారిలోనూ ఇవి రెండూ కొంత దూరం కలిసి నడిచి విడిపోయాయన్నమాట. ఈ పని చేసే జైజాయీన్ సింథేజ్ ఎంజైమ్ జన్యువును వట్టివేరు నుంచి వేరుచేసి బాక్టీరియాలో పనిచేయించిన పరిశోధన 2015లో వెలువడింది. జైజాయీన్ తోక మీద ఆక్సిజన్ తగిలించి ఖుసిమాల్ చేయడం తరవాతి మెట్టు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఆడమ్స్, సూక్ష్మజీవులు లేకుండా కణజాల వర్ధనంలో పెంచిన వట్టివేరు మొక్కలను పరీక్షిస్తే వాటి వేళ్ళలో మామూలు వట్టివేరు సెస్క్విటెర్పీన్లు దాదాపు కనిపించలేదు. తరవాత ఇటలీ శాస్త్రజ్ఞులు వేరు వల్కలంలో, నూనె కణాల దగ్గరే, బాక్టీరియా కాపురముంటున్నట్టు 2008లో చూపారు. వాటిలో కొన్ని నూనెనే ఆహారంగా తీసుకుని దాని రూపం మార్చగలవు కూడా. అంటే మనం పీల్చే వట్టివేరు వాసనలో మొక్క వాటా ఎంత, నేలలోని సూక్ష్మజీవుల వాటా ఎంత అన్నది ఇంకా పూర్తిగా పంచి చెప్పలేని లెక్క. ఒకే పిలకల నుంచి పెంచిన పంట ఒక నేలలో ఒక రకం నూనె, మరో నేలలో మరో రకం నూనె ఇస్తుందని రైతులు చెప్పే మాటను అందుకే తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

బట్టీలో

ఖుసిమాల్ బరువైన అణువు, మరుగు స్థానం ఎక్కువ. అందువల్ల వట్టివేళ్ళ బట్టీకి తొందర పనికిరాదు. నిమ్మగడ్డి నూనె రెండు మూడు గంటల్లో దిగుతుంది. వట్టివేళ్ళకు పన్నెండు గంటలు చాలా తక్కువ, ఇరవై నాలుగు మామూలు, కొన్నిచోట్ల రెండో రోజూ మంట ఆరదు. మొదట వచ్చేవి తేలికపాటి హైడ్రోకార్బన్లు. ఖుసిమాల్, వెటివోన్లు ఆలస్యంగా బయటపడతాయి. కట్టెలు కలిసొస్తాయని బట్టీని మధ్యలో దించేస్తే నూనె పల్చగా, పచ్చివాసనతో వస్తుంది. మంట మరీ ఎక్కువైతే మాడు వాసన పడుతుంది. జావా నూనెల్లో తరచూ తగిలే పొగచూరిన వాసనకు ఇదీ ఒక కారణం.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఈ పని ఇప్పటికీ రాగి పాత్రల్లో జరుగుతోంది. డేగ్ అనే పెద్ద రాగి గుండిగలో వేళ్ళు, నీళ్ళు నింపి, మూత చుట్టూ బంకమట్టి మెత్తుతారు. మూత నుంచి గడ్డితాడు చుట్టిన వెదురు గొట్టం వాలుగా దిగుతుంది. దాని పేరు చోంగా. గొట్టం కొస భబ్కా అనే పొడుగుమెడ రాగి పాత్రలోకి పోతుంది, భబ్కా నీళ్ళ తొట్టిలో మునిగి ఉంటుంది. ఆవిరి అందులో చల్లబడి నీరుగా, నూనెగా మారుతుంది. వట్టివేరు నూనె ఇక్కడ పెట్టే తంటా ఇంకొకటుంది: దాని సాంద్రత దాదాపు నీటి సాంద్రతే. మిగతా నూనెల్లా పైన తెట్టు కట్టదు. కొంత తేలుతుంది, కొంత మునుగుతుంది, కొంత పాలలాగా నీళ్ళలోనే కలిసి ఉండిపోతుంది. అందుకే నూనె తీసేశాక మిగిలిన నీళ్ళను మళ్ళీ డేగ్‌లోనే పోసి తిరిగి వండుతారు.

ఇలా వచ్చిన దాన్ని రూహ్ ఖస్ అంటారు; ఖస్ అంటే హిందీలో వట్టివేరు. ఆకుపచ్చగా ఉంటుంది. నూనెలోని ఆమ్లాలు రాగితో కలిసి పచ్చటి లవణాలు కావడం వల్ల వచ్చే రంగు అది. స్టీలు బట్టీలో తీస్తే అదే నూనె తేనె రంగులో, గోధుమ రంగులో ఉంటుంది. బజారులో దొరికే ఖస్ షర్బత్ పచ్చదనం మాత్రం రంగుసీసా చలవ. ఏ బట్టీలో తీసినా వేళ్ళ బరువులో నూటికి ఒకటిన్నర వంతు నూనె దక్కితే చాలా బాగా దిగినట్టే, తరచూ అంతకన్నా తక్కువే. తాజా నూనెను వెంటనే వాడరు. కొన్ని నెలలు నిల్వ ఉంచితే పచ్చివాసన పోయి గుండ్రబడుతుంది.

ఉత్తరం, దక్షిణం

భారతదేశంలో వట్టివేళ్ళు రెండు తెగలు. గంగా మైదానంలో, రాజస్థాన్ వైపు అడవిగా పెరిగేది పూసి విత్తనం కట్టే రకం. దక్షిణాదిన సాగుచేసేది పిలకలతో నాటే, విత్తనం దాదాపు పట్టని రకం. నూనెల్లో ధ్రువిత కాంతిని పంపితే తేడా కళ్ళకు కడుతుంది: ఉత్తరాది అడవి నూనె దాన్ని ఎడమకు తిప్పుతుంది, దక్షిణాది నూనె కుడికి తిప్పుతుంది. ఖుసిమాల్, వెటివోన్లు దక్షిణాది తెగకు గుర్తులు. ఉత్తరాది నూనెలో ఖుసాల్, ఖుసినాల్, ఖుసిలాల్ లాంటివి ముందుంటాయి. మిగతా మొక్కల్లో దొరికే పదార్థాలకు అద్దంలో ప్రతిబింబాల్లాంటి అణువులు ఈ నూనెలో ఉన్నాయని తేలడం అప్పట్లో రసాయనశాస్త్రంలో వింతగా చెప్పుకున్న విషయం.

ప్రపంచమంతటా పాకినది దక్షిణాది తెగే. అమెరికా, కరీబియన్, ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి తెచ్చిన వట్టివేరు మొక్కల డి.ఎన్.ఏ.ను ఆడమ్స్ 1990లలో పోల్చి చూస్తే వాటిలో అత్యధికం ఒకే మొక్క నుంచి పిలకలుగా విడిపోయినవని తేలింది. అమెరికా రాష్ట్రం లూయిసియానాలోని ఒక ఊరి పేరు మీద దాన్ని సన్‌షైన్ రకం అంటున్నారు. విత్తనం కట్టని గడ్డి ఇంత దూరం వెళ్ళిందంటే ప్రతి పిలకనూ ఎవరో చేత్తో మోసుకెళ్ళి నాటినట్టే.

నిర్మాణం తేల్చిన తీరు

వట్టివేరు నూనె గత శతాబ్దపు రసాయన శాస్త్రజ్ఞులను బాగా తిప్పలు పెట్టింది. 1930ల చివర జెనీవాలో ప్ఫావ్, ప్లాట్‌నర్ వెటివోన్లను పరిశీలించి, వాటిని వేడిచేసి హైడ్రోజన్ తీసేస్తే నీలిరంగు అజులీన్ రావడం చూసి, అణువులో అయిదు, ఏడు కార్బన్ల వలయాలు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయని నిర్ణయించారు. పాఠ్యపుస్తకాలు ఆ మాటనే మూడు దశాబ్దాలు అప్పజెప్పాయి. 1960ల చివర జేమ్స్ మార్షల్ అది సరికాదని చూపాడు. బీటా వెటివోన్‌లో రెండు వలయాలు ఒకే ఒక్క కార్బన్ దగ్గర, ఒకదానికొకటి అడ్డంగా కలుస్తాయి. నీలిరంగు పదార్థం వేడికి అణువు తన గూడునే మార్చుకోవడం వల్ల పుట్టింది. 1973లో గిల్బర్ట్ స్టార్క్ బృందం చేసిన బీటా వెటివోన్ సంశ్లేషణ సేంద్రియ రసాయనశాస్త్రంలో నేటికీ చదివించే పాఠం.

ఖుసిమాల్ కథ అంత మలుపులు తిరగలేదు. దాని నిర్మాణాన్ని 1960లలో పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో కె.కె. చక్రవర్తి, సహచరులు తేల్చారు. ఆ రోజుల్లో భారతీయ సుగంధ తైలాలపై ఆ ప్రయోగశాలలో జరిగిన పని ప్రపంచ స్థాయిది. ఉత్తరాది ఖస్ నూనెలోని పదార్థాల్లో చాలావాటికి పేర్లు పెట్టినదీ, వాటి ఆకారం తేల్చినదీ అక్కడివాళ్ళే. ఖుసి అన్న మొదలుతో ఇన్ని రసాయనాల పేర్లు పుట్టడం వెనక ఉన్నది ఈ చరిత్రే. ఖుసిమోన్‌ను 1977లో అమెరికాలో జార్జ్ బూకీ బృందం ప్రయోగశాలలో నిర్మించింది.

వాసన ఎవరిది?

ఒక నూనెలో ఎక్కువగా ఉన్న పదార్థమే దాని వాసనకు కర్త కానక్కర్లేదు. గులాబీ నూనెలో సిట్రొనెల్లాల్, జెరానియాల్ గుట్టలుగా ఉంటాయి. కానీ గులాబీని గులాబీ చేసే పని చాలావరకు చేసేది 1970లో వెలుగులోకి వచ్చిన బీటా డమాసెనోన్, అది ఉండేది ఒక శాతంలో పిసరంత. మిరియాల ఘాటువాసనకు కారణమైన రొటుండోన్‌దీ అదే తీరు. ముక్కుకు తూకంతో పని లేదు. ఏ అణువుకు ముక్కులోని గ్రాహకాలు ఎంత సులువుగా లొంగుతాయన్నదే ముక్కు లెక్క.

వట్టివేరు విషయంలో ఈ లెక్క తేలడానికి అంత కాలం ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు జవాబు నూనె స్వభావంలోనే ఉంది. వందకు పైగా పదార్థాలు, అన్నీ దాదాపు ఒకే బరువు, ఒకే రకం మరుగు స్థానం. వాయు క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపితే చుక్కచుక్కగా విడివడకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కి గుంపుగా బయటికొస్తాయి. యంత్రం కొసన గొట్టం పెట్టి, వచ్చిన ప్రతి అంశాన్నీ శిక్షణ పొందిన మనిషి వాసన చూసి రాసుకునే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిలో ఖుసిమాల్ పెద్ద శిఖరం గీస్తున్నంతసేపు ముక్కు పెద్దగా స్పందించేది కాదు. గీత దాదాపు చదునుగా ఉన్న మరో చోట, ఉన్నట్టుండి ఘాటైన వట్టివేరు వాసన వచ్చేది. ఆ చోట ఉన్నది ఖుసిమాల్ గూడుతోనే ఉన్న ఒక కీటోన్ కావచ్చన్న అనుమానం క్రమంగా బలపడింది. కానీ అంత తక్కువ మోతాదును నూనె నుంచి శుద్ధిగా తీయడం, తీసినదానిలో మరో వాసన మిగల్లేదని రుజువు చేయడం కత్తిమీద సాము. తిరుగులేని రుజువు ఒక్కటే: ఆ అణువును మొదటి నుంచి చేత్తో కట్టి వాసన చూడటం.

ఆ పని జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో, మాక్స్ ప్లాంక్ బొగ్గు పరిశోధన సంస్థలో బెంజమిన్ లిస్ట్ బృందం, పరిమళ రసాయన శాస్త్రజ్ఞుడు ఫిలిప్ క్రాఫ్ట్ తోడుగా చేసింది. ఫలితాలు 2021లో వచ్చాయి. అసౌష్ఠవ సేంద్రియ ఉత్ప్రేరణకు లిస్ట్‌కు డేవిడ్ మెక్‌మిలన్‌తో కలిపి రసాయనశాస్త్ర నోబెల్ వచ్చిన ఏడూ అదే. వట్టివేరు వాసన అణువు సంశ్లేషణలో తొలి కీలక మెట్టుకు వాడింది ఆయన బృందం తయారుచేసిన అలాంటి ఉత్ప్రేరకమే. 11 మెట్లలో కట్టిన ఆ అణువు పేరు 2-ఎపి-జైజా-6(13)-ఈన్-3-ఓన్. పేరు చూసి భయపడనక్కర్లేదు. ఖుసిమాల్ తెలిసినవాళ్ళకు ఇది ఇంటి పక్క మనిషే. గూడు అదే, బయటికి పొడుచుకొచ్చిన జంట బంధం అదే. తేడాలు మూడు: 2వ కార్బన్ మీది తోకకు ఆక్సిజన్ లేదు, ఆ తోక ఖుసిమాల్‌లో ఉన్న వైపు కాకుండా రెండో వైపుకు తిరిగి ఉంది, పక్కనున్న 3వ కార్బన్ మీద ఆక్సిజన్ కూర్చుంది. ఇంతమాత్రానికే వాసన బలం ఎన్నో రెట్లు పెరిగిపోయింది. లీటరు గాలిలో 29 పికోగ్రాములున్నా మనిషి ముక్కు దీన్ని పసిగడుతుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. లెక్క కట్టి చూస్తే, పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటీ 300 మీటర్లకు పైబడిన గదిని నింపడానికి ఒక్క గ్రాము చాలు.

మరి ఖుసిమాల్ చేసే పనేమిటి? కచేరీలో తంబూరా చేసే పని. పైకి వినిపించే రాగం దానిది కాదు, కానీ అది లేకపోతే పాట నిలబడదు. బరువైన ఖుసిమాల్, దాని తోటి ఆల్కహాళ్ళు మెల్లగా ఆవిరవుతూ, తేలికైన వాసనలను తమతో పాటు కాగితం మీద, బట్ట మీద, చర్మం మీద పట్టి ఉంచుతాయి. పరిమళ పట్టీ మీద వట్టివేరు నూనె వారాల తరబడి ఉంటుంది. అయితే ఎక్కువ మోతాదులో ఉందన్న ఒక్క కారణంతో ఖుసిమాల్‌ను వట్టివేరు ఆత్మ అని రాసే అలవాటు ఇకనైనా మానుకోవాలి. అమ్మకపు కాగితాల్లో ఇప్పటికీ ఆ మాట కనిపిస్తూనే ఉంది.

పరిమళ పరిశ్రమలో

విడిగా శుద్ధి చేసిన ఖుసిమాల్ పరిశ్రమలో పెద్దగా అమ్ముడుపోదు. దాని వాడకమంతా నూనెలో భాగంగానో, వెటివెరాల్ అనే ఆల్కహాళ్ళ మిశ్రమంలో భాగంగానో ఉంటుంది. ఈ ఆల్కహాళ్ళకు అసిటైల్ గుంపును తగిలిస్తే వచ్చేది వెటివెరిల్ అసిటేట్. నూనెలోని మట్టి, పొగ ఛాయలు పోయి నునుపైన, పొడి కలప వాసన మిగులుతుంది కనుక ఖరీదైన అత్తరులు దీన్ని ఇష్టపడతాయి. చర్మానికి పడకపోవచ్చన్న కారణంగా అసిటిలేట్ చేసిన వట్టివేరు నూనె వాడకానికి అంతర్జాతీయ పరిమళ సంఘం పరిమితులు పెట్టింది.

1950ల చివర ఫ్రాన్స్‌లో కార్వెన్, గెర్లాన్, జివాంషీ సంస్థలు కొద్ది ఏళ్ళ తేడాలో వట్టివేరు పేరుతోనే మగవాళ్ళ అత్తరులు విడుదల చేశాయి. అప్పటిదాకా మిశ్రమాల అడుగున పునాదిలా పడి ఉన్న వేరు వాసన సీసా మీద పేరుగా ఎక్కింది. 2006లో వచ్చిన టెర్ ద్ ఎర్మెస్, లలీక్ వారి ఆంక్ర్ న్వార్, 2008 నాటి షనెల్ సికమోర్ కూడా వట్టివేరునే నమ్ముకున్నవి.

కల్తీ పట్టుకోవడంలో ఖుసిమాల్ నేరుగా అక్కరకొస్తుంది. వట్టివేరు నూనెను పూర్తిగా కృత్రిమంగా తయారు చేయడం గిట్టుబాటు కాదు, అందుకని మోసమంతా కలపడంలోనే జరుగుతుంది: దేవదారు నూనె, అమైరిస్ నూనె, మన తుంగముస్తల నూనె. తుంగముస్తల వాసనకు వట్టివేరుతో ఎంత పోలికంటే పట్టీ మీద అనుభవజ్ఞులు కూడా తడబడవచ్చు. యంత్రం తడబడదు. ఖుసిమాల్, రెండు వెటివోన్లు ఒక నిష్పత్తిలో ఉండాలి, ఐ.ఎస్.ఓ. 4716 ప్రమాణం వట్టివేరు నూనెల కొలతలు చెబుతుంది. ఖుసిమాల్ శిఖరం పొట్టిగా ఉంటే వేళ్ళు లేతవైనా అయి ఉండాలి, బట్టీ ముందే దించినా అయి ఉండాలి, లేదా సీసాలో ఇంకేదో ఉండాలి.

సాగు, వ్యాపారం

ప్రపంచ మార్కెట్‌కు వచ్చే నూనెలో సగం అటూఇటుగా హైతీది. ఆ దేశపు దక్షిణ తీరంలో లెకాయ్ పట్టణం చుట్టుపక్కల కొండవాలుల మీద పండుతుంది. అక్కడ ఈ పంటకు పునాది వేసినవాళ్ళలో లూయి దెజ్వా అనే వ్యవసాయ నిపుణుడు ముఖ్యుడు. 1957 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్రాన్స్వా డువాలియే చేతిలో ఓడిపోయిన అభ్యర్థి ఆయనే. ఇండోనేషియాలో పశ్చిమ జావాలోని గారుట్, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి మిగతా పేరున్న చోట్లు. రీయూనియన్ నూనెకు నాణ్యతలో పెద్ద పేరు, ఉత్పత్తి మాత్రం నామమాత్రానికి పడిపోయింది.

మన దేశంలో తమిళనాడులోని కడలూరు తీరం ఈ పంటకు ప్రసిద్ధి. ఇసుక నేల కావడం వల్ల వేరు తెగకుండా వస్తుంది. నల్లరేగడిలో అదే పని నడుము విరిచేస్తుంది. గడ్డి కోసేసి, కుదురు చుట్టూ తవ్వి, వేళ్ళగుబురును మట్టితో సహా పెళ్ళగించి, దులిపి, కడిగి, నీడలో ఆరబెడతారు. పైనున్న పిలకలను విడదీసి మళ్ళీ నాటుతారు. పంటకు మామూలుగా పదిహేను నెలలు ఆగాలి. అవసరానికి ముందే తవ్వితే నూనె తగ్గడమే కాదు, అందులో ఖుసిమాల్ లాంటి బరువైనవి ఇంకా తగ్గుతాయి. లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్) కె.ఎస్.-1, ధారిణి, గులాబి, కేసరి వంటి రకాలు విడుదల చేసింది. దాని పరిశోధన కేంద్రం ఒకటి హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో ఉంది. తెలుగు రైతులకు పిలకలు, బట్టీ సలహాలు అక్కడి నుంచి అందుతుంటాయి. 2017లో మొదలైన అరోమా మిషన్‌లో వట్టివేరుకూ చోటు దక్కింది.

ఈ పంటలో ఒక విడ్డూరముంది. కొండవాలు మట్టి కొట్టుకుపోకుండా గట్ల మీద వట్టివేరు వరసలు నాటాలని 1980ల నుంచి ప్రపంచ బ్యాంకు నిపుణులు ఊరూరా చెప్పారు. మట్టిని అంత గట్టిగా పట్టుకునే గడ్డి మరొకటి అరుదు. నూనె కోసం అదే గడ్డిని వేళ్ళతో సహా పెళ్ళగిస్తే వాలు మొత్తం గుల్లబారి తొలి వానకే జారిపోతుంది. హైతీ కొండల్లో జరిగింది ఇదే. వాలు అంచుల్లో కొన్ని వరసలు తవ్వకుండా వదిలేయడం తెలిసిన మందే, కానీ వదిలిన వరసకు డబ్బు రాదు.

ఇతర గుణాలు

బీరువాల్లో, పుస్తకాల మధ్య వట్టివేళ్ళు పెడితే పురుగు పట్టదన్న నమ్మకానికి ఆధారం దొరికింది. 1982లో శాస్త్రజ్ఞులు థామస్ ఐస్నర్, జెరాల్డ్ మైన్‌వాల్డ్ పాలుపంచుకున్న పరిశోధన నూనెలోని జైజనాల్, ఎపిజైజనాల్ పురుగులను దూరంగా ఉంచుతాయని చూపింది. ఈ రెండూ ఖుసిమాల్‌కు ఒక్క మెట్టు దూరంలో ఉన్న ఆల్డిహైడ్లే. లూయిసియానాలో ఇళ్ళు కూల్చే ఫార్మోసా చెదలపై వట్టివేరు నూనె, నూట్‌కటోన్ బాగా పనిచేస్తాయని 2001లో తేలింది. ఖుసిమాల్‌నే తీసుకుంటే, రక్తపోటుతో సంబంధమున్న వేసోప్రెసిన్ హార్మోన్ గ్రాహకానికి అతుక్కుంటుందని 1994లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ప్రొటీన్ జాతికి చెందని ఒక మొక్క పదార్థం అలా అతుక్కోవడం అప్పట్లో ఆసక్తి రేపింది, కానీ పట్టు బలహీనం, మందుగా ముందుకు పోలేదు. వట్టివేరు నీళ్ళు తాగితే బి.పి. తగ్గుతుందని దీన్ని చూపించి చెప్పేవాళ్ళ మాట నమ్మనక్కర్లేదు. ఖుసిమాల్ నీటిలో కరిగేది చాలా తక్కువ, కుండలోని నీళ్ళలోకి వచ్చేది వాసనకు సరిపడా మాత్రమే.

జైజాయీన్ సింథేజ్ జన్యువు చేతికి వచ్చాక, వేరు తవ్వకుండా సూక్ష్మజీవుల తొట్టెల్లో జైజాయీన్ పండించే ప్రయత్నాలు మొదలయ్యాయి. జైజాయీన్ దాకా దారి తెరుచుకుంది. అక్కడి నుంచి తోక మీద సరైన చోట ఆక్సిజన్ తగిలిస్తే ఖుసిమాల్, పక్క కార్బన్ మీద తగిలించి తోకను రెండో వైపుకు తిప్పగలిగితే లిస్ట్ బృందం కట్టిన కీటోన్. రెండోది పెద్ద ఎత్తున చేయగలిగితే దాని చిటికెడు ఎన్నో పీపాల నూనె బలానికి సాటి వస్తుంది. ప్రయోగశాలలో 11 మెట్ల దారి వ్యాపారానికి పనికిరాదు. ప్రస్తుతానికి అత్తరు సీసాలోకి ఖుసిమాల్ చేరే దారి పారతో తవ్విన వేరు గుండానే.